నిద్రయు మెలకువయు: మెదడులోని రసాయనములు, మందులు

నిద్ర యెట్లు వచ్చునని మా పెద్దేముల్ గ్రామమున నెవరి నడిగినను తడుముకొనక బదులు చెప్పుదురు. పగలెల్ల చేనిలో కంది కోసినవానికిని, తాండూరు గనులలో నాపరాయి తీసినవానికిని నిద్ర పిలువకయే వచ్చుననియు, కూర్చుండి తినువానికి పిలిచినను రాదనియు అందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. అయినను దేహము అలయుటయే నిద్రకు కారణమైనచో, జ్వరముతో మంచము పట్టి వారము దినములుగా కదలనివాడు ఏల నిద్రించును? దినమెల్ల బస్తాలు మోసి వచ్చిన తండ్రి, బిడ్డకు జబ్బుగా నున్న రాత్రి ఏల కన్ను మూయలేకుండును? నూనె యైపోయిన దీపము ఆరినట్లు మనము నిద్రపోవుట లేదు. దీపము నార్పు చేయి యొకటి మెదడులోనే కలదు. మరల వెలిగించు చేయియు నచ్చటనే కలదు. ఆ చేతు లెట్టివో, టీయు కల్లును నిద్రమాత్రలును వానిపై నెట్లు పనిచేయునో విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియునట్లు చెప్పదలచితిమి. మన వికారాబాదు, తాండూరు ప్రాంతములందు ఇది పుస్తకములలోని విషయము మాత్రమే కాదని ముందుకు చదివినవారికి తెలియగలదు.

1916, 1917 సంవత్సరములలో ఐరోపాఖండమున నొక వింత రోగము ప్రబలెను. దానిచే పట్టుబడినవారిలో పెక్కుమంది రాత్రింబవళ్ళు నిద్రపోవుచుండిరి. అన్నము పెట్టుటకు లేపినచో లేచి, నోటిలో ముద్ద యుండగానే మరల కన్నులు మూసెడివారు. మరికొందరికి దీనికి విరుద్ధముగ రాత్రులెల్ల కునుకైనను లేకుండెను. వియన్నా నగరమున ఫాన్ ఎకనామో అను వైద్యుడు ఈ రోగముచే మరణించినవారి మెదళ్ళను పరీక్షించెను. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను మిక్కిలి చిన్న తావు కలదు. నిద్ర విడువనివారికి దాని వెనుకభాగమును, నిద్ర పట్టనివారికి దాని ముందుభాగమును చెడియుండుట ఆయన కనిపెట్టెను. వెనుకభాగము మేలుకొలుపునదనియు, ముందుభాగము నిద్రపుచ్చునదనియు అప్పుడు తేలినది. తరువాతి పరిశోధనలు ఈ నిర్ణయమును వివరముగ పూర్తిచేసినవే గాని త్రోసివేయలేదు.

ఈ భాగములు తమ పనిని రసాయనముల మూలమున చేయును. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. కణమునకును కణమునకును నడుమ సన్నని సందు ఉండును. ఒక కణము ఆ సందులోనికి చిటికెడు రసాయనమును విడుచును. అది యవతలి కణముపై నుండు గ్రాహకమున, తాళపుకప్పలో తాళపుచెవి అమరినట్లు అమరును. కొన్ని తాళపుచెవులు అవతలి కణమును రేపును, కొన్ని అణచును. మందులును మత్తుపదార్థములును చేయు పనియంతయు ఈ తాళముల యొద్దనే జరుగుచున్నది.

మేలుకొలుపు రసాయనములు పెక్కు కలవు. వానిలో హిస్టమిన్ అనునది మనకు తెలియకయే పరిచయమైనది. జలుబునకు తెల్లని చిన్న మాత్ర యొకటి వేసికొని, బడిలో బల్లపై తల వాల్చి కునుకు తీసిన విద్యార్థులను మేము పలుమారు చూచితిమి. ముక్కు కారుట మాన్పుటకు హిస్టమిన్‌ను అడ్డగించు మందు, మెదడులోనికి పోయి అచ్చటి హిస్టమిన్‌నుకూడ అడ్డగించును. కావుననే ఆ కునుకు. ఆరెక్సిన్ అను మరియొక రసాయనము 1998లో బయల్పడినది. దానిని పుట్టించు కణములు నశించినవారు నడుచుచు, నవ్వుచు, మాటలాడుచు నుండగానే నిద్రలోనికి జారిపోవుదురు. వీరిని సోమరులనియు బుద్ధిహీనులనియు అనుట అన్యాయము.

డోపమిన్ అను రసాయనము సంగతి మన దేశపు మూలికతో ముడిపడి యున్నది. సర్పగంధ వేరును మన వైద్యులు నిద్రలేమికిని పిచ్చికిని పూర్వమునుండి ఇచ్చుచుండిరి. అందలి సారమును 1952లో స్విట్జర్లాండు దేశమున వేరుచేసి రెసర్పిన్ అని పేరు పెట్టిరి. 1957లో స్వీడన్ దేశస్థుడైన ఆర్విడ్ కార్ల్సన్ కుందేళ్ళకు రెసర్పిన్ ఇచ్చెను. అవి చెవులు వాల్చి, తట్టినను కదలక పడియుండెను. డోపమిన్‌గా మారు పదార్థమును సూదిద్వారా ఎక్కించినంతనే కొద్ది నిమిషములలో లేచి మామూలుగ తిరుగసాగెను. ఈ త్రోవలో చేసిన పరిశోధనలకు ఆయనకు 2000 సంవత్సరమున నోబెల్ బహుమానము లభించినది.

ఇక నిద్రపుచ్చు పక్షమున ముఖ్యమైనది గాబా అను రసాయనము. మెదడులో అది యున్నదని 1950లో తెలిసినది. హైపోథాలమస్ ముందుభాగపు కణములు రాత్రివేళ గాబాను విడిచి, మేలుకొలుపు కణములను ఒక్కొక్కదానిని నోరు మూయించును. పగటివేళ మేలుకొలుపు కణములు తిరుగబడి వీనిని అణచును. బావివద్ద ఏతము నెరిగినవారికి ఇది సులభముగ బోధపడును: ఒక కొన పైకి లేచినచో రెండవది క్రిందికి పోవును, నడుమ నిలుచుట లేదు. మనము సగము నిద్ర, సగము మెలకువ అను స్థితిలో ఎక్కువసేపు ఉండకపోవుటకు కారణమిదియే.

ఏతము ఎప్పుడు వాలవలెనో నిర్ణయించునవి రెండు. ఒకటి, వెలుతురును బట్టి నడచు మెదడులోని గడియారము. రెండవది, అడినోసిన్. కణములు పనిచేయుటకు ఖర్చుపెట్టిన శక్తినుండి మిగులు పదార్థమిది. మనము మేలుకొనియున్నకొలది మెదడులో పోగై, నిద్రకు త్రోయును, నిద్రలో తరిగిపోవును. పగటి కష్టము రాత్రి నిద్రనిచ్చునని మన పెద్దలు చెప్పునది ఈ రసాయనము విషయమున చాలవరకు నిజమే.

పరీక్షలకు చదువు విద్యార్థులు టీ త్రాగి మేలుకొనుట ఇందువలననే సాధ్యమగుచున్నది. టీలోని కెఫీన్ ఆకారమున అడినోసిన్‌ను పోలియుండును. అది పోయి అడినోసిన్ తాళములలో కూర్చుండును గాని తాళము తిప్పదు; నిజమైన తాళపుచెవికి చోటు దొరకదు. అడినోసిన్ మాత్రము పోగగుచునే యుండును. టీ ప్రభావము దిగగానే ఆ బాకీ అంతయు ఒక్కమారు మీద పడును. త్రాగిన కెఫీన్‌లో సగము దేహమును విడుచుటకు సుమారు అయిదు గంటలు పట్టును. రాత్రి పదిగంటలకు త్రాగిన టీలో సగము తెల్లవారుజామున మూడింటికిని మీలో నున్నదన్నమాట. పగలు నేర్చిన పాఠమును మెదడు కుదురుపరచుకొనుట నిద్రలో జరుగు పని. ఆ రాత్రి నిద్రను చెరచుకొని చదివినది మరునాడు జవాబుపత్రము ముందు ఎంత మిగులునో, పూర్వము పరీక్ష వ్రాసినవారిని అడిగినచో చెప్పగలరు.

మెలకువను గురించి ఇంత చాలును. నిద్రను కొని తెచ్చుకొనుట ఇంతకన్న పెద్ద సంగతి.

మత్తుపెట్టి నిద్రపుచ్చు మందులలో పాతవానిలో నొకటి క్లోరల్ హైడ్రేట్. లీబిగ్ అను జర్మను రసాయనజ్ఞుడు 1832లో దీనిని చేసెను. 1869లో లీబ్రైఖ్ అను వైద్యుడు దీనిచే నిద్ర వచ్చునని చూపెను. 1903లో బార్బిటల్ అను మందు వచ్చినది. ఆ జాతి మందులు మోతాదు కొంచెము మించినను ఊపిరి నిలుపునట్టివి. 1957లో అమెరికాలోని ఒక మందుల కర్మాగారపు ప్రయోగశాలను శుభ్రపరచుచుండగా, స్టెర్న్‌బాక్ అను రసాయనజ్ఞుడు పూర్వము చేసి మరచిన చూర్ణము దొరికినది. పరీక్షింపగా భయమును తగ్గించి నిద్ర తెప్పించునదని తేలెను. 1960లో అది లిబ్రియం అను పేరను, 1963లో దాని తోబుట్టువు డయజిపాం అనునది వేలియం అను పేరను అమ్మకమునకు వచ్చెను. ఆల్ప్రజోలాం ఈ కుటుంబములో తరువాత పుట్టినది. డయజిపామును మన పల్లెలలో 'డైజోఫాం' అని పిలుచుట చాలమందికి తెలియును. ఒక రసాయనము పేరు మందులదుకాణము గడప దాటి పల్లెజనుల నోట నానుట ఎట్లు సంభవించినదో చెప్పెదము.

తెల్లవారుజామున గీతకార్మికుడు ఈతచెట్టునుండి దింపు కల్లులో తీపి, పులుపు, కొద్దిపాటి సారాయి మాత్రముండును. కుండలోని పులియు సూక్ష్మజీవులు చెట్టుపాలలోని చక్కెరను సారాయిగా మార్చును. ఎక్కువ పులిసినను సారాయి నూటికి అయిదారు పాళ్ళను మించుట అరుదు. కాని చెట్లు తగ్గినవి, త్రాగువారు తగ్గలేదు. ఈ లోటును పూడ్చుటకు కొందరు లాభాపేక్షాపరులు నీటిలో చక్కెరపొడి కలిపి, పులుపు కొరకు మరియొకటి కలిపి, మత్తు కొరకు క్లోరల్ హైడ్రేట్ గాని, డయజిపాం గాని, ఆల్ప్రజోలాం గాని కలిపి కల్లను పేర అమ్ముచున్నారు. చెట్టెక్కి ప్రాణములకు తెగించి కల్లు దింపువాని నిందించుట మా యుద్దేశము కాదు. వాని వృత్తిని చెరచినదియు ఈ కల్తీయే.

వైద్యుడు ఆల్ప్రజోలాం నిచ్చునప్పుడు ఒక మాత్రలో పావు మిల్లీగ్రాము గాని అర మిల్లీగ్రాము గాని ఉండును. అనగా ఒక్క గ్రాము పొడి రెండువేల మాత్రలకును, ఒక్కొక్కప్పుడు నాలుగువేల మాత్రలకును సరిపోవును. లెక్కలు నేర్చిన విద్యార్థి ఆలోచించి చూడవలెను: తొట్టిలో చేతితో పొడి చల్లి కట్టెతో కలుపువాడు ఒక్కొక్క సీసాలోనికి ఎంత పోయునో ఏ త్రాసు చెప్పగలదు? ఒకడు త్రాగినదానిలో ఏమియు లేకపోవచ్చును; ప్రక్కవాడు త్రాగినదానిలో పది మాత్రల పెట్టు ఉండవచ్చును.

2021 జనవరి మాసమున మన వికారాబాదు జిల్లాలోనే, నవాబుపేట, వికారాబాదు మండలముల గ్రామములలో కల్లు త్రాగిన నూటికిపైగా జనులు అస్వస్థులై ఆసుపత్రుల పాలైరి. 2025 జూలైలో హైదరాబాదు నగరపు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఆ కల్లులో ఆల్ప్రజోలాం కలదని పరీక్షలో తేలినది. త్రాగుటవలన హాని కలుగుట ఎవరికైనను అర్థమగును. 2020 మార్చిలో జరిగినది మాత్రము పెక్కుమందిని ఆశ్చర్యపరచెను. కరోనా వ్యాధి కారణముగ దుకాణములన్నియు మూతపడినవి. కల్లు, సారాయి దొరకలేదు. మత్తు మానినందున జనులు బాగుపడవలసినది పోయి, కొద్దిదినములలోనే హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు గుంపులు గుంపులుగ వచ్చిరి. చేతులు వణకువారు, మూర్ఛ వచ్చి పడువారు, లేనివారితో మాటలాడువారు, రాత్రులెల్ల కన్ను మూయనివారు వారిలో నుండిరి.

మాన్పినది ఏల రోగమైనది? ఇందు మనకు గాబా సంగతి మరల కావలసియున్నది. గాబా తన తాళమున అమరినప్పుడు నాడీకణపు గోడలో సన్నని ద్వారము తెరచుకొని, క్లోరైడ్ అను ఉప్పుకణములు లోనికి పోవును, కణము శాంతించును. డయజిపాం జాతి మందులకు అదే తాళపు ప్రక్కన వేరొక గుంట కలదని 1977లో డెన్మార్కు, స్విట్జర్లాండు దేశములలో వేర్వేరుగ కనుగొనిరి. మందు ఆ గుంటలో కూర్చున్నచో, గాబా కొంచెమే యున్నను ద్వారము మాటిమాటికి తెరచుకొనును. సారాయియు ఈ ద్వారముపైననే పనిచేయును. కావున రెండును కలిసిన కల్లులో మత్తు రెట్టింపగుటయే గాక, ఊపిరి తీయించు మెదడు భాగముకూడ మత్తులో మునుగుట కలదు. వెల్లకిల పడుకొన్నవాడు తెల్లవారునప్పటికి లేవకపోవుట ఇట్లు సంభవించును.

మెదడు మాత్రము ఊరకుండునది కాదు. దినదినము ఎవడో వచ్చి బలవంతముగ నిద్రపుచ్చుచున్నాడని గ్రహించినట్లుగ, అది తన పద్ధతిని మార్చుకొనును. గాబా తాళములు మొద్దుబారును. రేపునట్టి గ్లూటమేట్ అను రసాయనపు బలము పెరుగును. మొదట ఒక సీసాకు వచ్చిన నిద్ర తరువాత రెండు సీసాలకును రాదు. బండి దిగువకు జారుచున్నదని ఎడ్లు బలము కొలది ఎదురు త్రోయుచుండగా, వెనుకనుండి త్రోయువాడు హఠాత్తుగ తప్పుకొన్నచో ఏమగును? మందు ఆగిన దినమున మెదడున కదియే జరుగును. అణచునది పోయినది, రేపునది రెట్టింపై మిగిలినది. నిద్ర పోవును, గుండె దడదడ కొట్టుకొనును, చెమట పట్టును, లేనివి కనబడును, వినబడును, తుదకు మూర్ఛ వచ్చును. ఆల్ప్రజోలాం దేహమును త్వరగా విడుచును గనుక ఇది ఒకటి రెండు దినములలోనే మొదలగును. డయజిపాం మెల్లగా విడుచును గనుక వారము తరువాతగూడ రావచ్చును. వారమైనది గదా, గండము గడచినదని ఇంటివారు నిశ్చింతగ నున్న వేళ మూర్ఛ వచ్చుటకు కారణమిది.

ఈ స్థితిలోనున్న వానికి దయ్యము పట్టినదని వేపమండలతో కొట్టుటయు, పిచ్చి యెత్తినదని గదిలో పెట్టి తాళము వేయుటయు కొన్ని యిండ్లలో జరుగుచున్నవి. తండ్రి గోడవైపు చూచి ఎవరితోనో తగవులాడుచుండగా మూలను కూర్చుండి వణకు బిడ్డలకు మేము ముఖ్యముగ చెప్పదలచినది, మీ తండ్రిని ఏ దయ్యమును పట్టలేదు. ఆయన మెదడులో రసాయనముల లెక్క తప్పినది, అది సరిచేయుటకు వైద్యులకు తెలియును. మూర్ఛ వచ్చినచో చేతిలో తాళపుచెవులు పెట్టవద్దు, నోటిలో నీరు పోయవద్దు, పండ్ల నడుమ గరిటె దూర్చవద్దు. ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, తల క్రింద మెత్తని గుడ్డ పెట్టి, 108కి ఫోను చేయవలెను. మత్తులో గురక పెట్టుచు ఎంత తట్టినను లేవనివానిని సైతము "నిద్రపోనిండు" అని వదలక, అట్లే ప్రక్కకు త్రిప్పి 108ని పిలువవలెను.

మరియు, ఏండ్ల తరబడి త్రాగినవానిచేత ఒట్టు పెట్టించి ఒక్కదినమున మాన్పించుట ఇంటివారి ప్రేమయే గాని వైద్యము కాదు. వైద్యులు ఏమి చేయుదురో చెప్పిన కొందరికి వింతగ తోచును: మాన్పవలసిన జాతి మందునే, సాధారణముగ డయజిపామునే, కొలిచి యిత్తురు. అది మెల్లగా దేహమును విడుచునది గనుక, వారముల తరబడి కొంచెము కొంచెముగ తగ్గించుచు పోవుటకు వీలగును. మెదడు తాను మార్చుకొన్న తాళములను తిరిగి సరిపరచుకొనుటకు వ్యవధి దొరకును. రోగి యింతకుముందు ఏమి త్రాగెనో, ఎంత త్రాగెనో దాచక చెప్పవలెను. అందులో సిగ్గుపడవలసినది లేదు, వైద్యుడు పోలీసు కాడు. ఆసుపత్రికి పోవుటకు సంశయించు కుటుంబములు 14416 అను టెలీమానస్ నంబరునకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. 2022లో భారతప్రభుత్వము నెలకొల్పిన యీ సహాయమునకు రుసుము లేదు.

సీటీ వ్రాయించుకొని మందులదుకాణములో కొన్న నిద్రమాత్ర సంగతి యేమని కొందరు తలిదండ్రులు అడుగవచ్చును. వైద్యుడు కొద్దిదినములకు వ్రాసినప్పుడు అది మేలు చేయును. ఒకమారు వ్రాసిన సీటీని ఏండ్ల తరబడి చూపి కొనుట, పొరుగువాని మాత్రను అరువు తెచ్చుకొనుట మాత్రము కల్తీకల్లు త్రోవయే. ఆల్ప్రజోలామును ప్రభుత్వము మత్తుపదార్థముల చట్టము క్రిందికి చేర్చినది ఊరక కాదు.

మందుచే వచ్చు నిద్ర నిద్రవలె కనబడును గాని లోపల వేరు. సహజనిద్రలో మెదడు సుమారు తొంబది నిమిషముల కొకమారు చుట్టు తిరుగును: తేలికనిద్ర, గాఢనిద్ర, తరువాత కనుగ్రుడ్లు రెప్పల క్రింద వేగముగ కదలు స్వప్ననిద్ర. ఈ మూడవది 1953లో చికాగో విశ్వవిద్యాలయమున కనుగొనబడినది. రాత్రికి నాలుగైదు చుట్లు జరుగును. డయజిపాం జాతి మందులు గాఢనిద్రను తగ్గించి తేలికనిద్రను పొడిగించును. సారాయి మొదటి సగము రాత్రి స్వప్ననిద్రను అణచి, రెండవ సగమున మాటిమాటికి మేలుకొలుపును. ఎనిమిది గంటలు పడియుండి లేచినవాడు పొద్దుననే తల బరువని కూర్చుండుటకు కారణమిది.

మత్తు మాని చికిత్సలోనున్నవారికి మొదటి వారములలో అణగియున్న స్వప్ననిద్ర ఒక్కపెట్టున మరలి వచ్చును. రాత్రులెల్ల భయంకరమైన కలలు కనుచు, ఉలికిపడి లేచి, తాము మరల చెడిపోవుచున్నామని తలచి కొందరు తిరిగి సీసా పట్టుదురు. ఆ కలలు రోగము ముదురుటకు గుర్తు కావు. మెదడు తన పాత చుట్టును తిరిగి నేర్చుకొనుచున్నది. కొన్ని వారములలో అవి తగ్గును. అంతవరకు ప్రక్కన ఒకరు మేలుకొనియుండి, ఉలికిపడినప్పుడు ఇన్ని మంచినీళ్ళిచ్చి మరల పండుకొనబెట్టుట మంచిది.